మొత్తం స్కోరు ఒక్కటే చూస్తే ఎలా?
అమెరికాలో నల్లజాతి మగవాళ్లతో పోలిస్తే నల్లజాతి ఆడవాళ్లకు రోజువారీ వివక్ష తక్కువేనని, సర్వే స్కోర్లు చూసి ఓ వ్యాసంలో అన్న మాట ఒప్పుకోలేను. అమెరికా సర్వేల్లో ఎక్కువగా వాడేది 1997లో పరిశోధకుడు డేవిడ్ విలియమ్స్ బృందం ఇచ్చిన, రోజువారీ వివక్షను కొలిచే 9 ప్రశ్నల కొలమానం. ఒక్కో ప్రశ్నకు 'దాదాపు రోజూ' నుంచి 'ఎప్పుడూ లేదు' దాకా జవాబులు, చివర్లో కూడిక. తిరకాసంతా ఆ కూడికలోనే ఉంది. 'మిమ్మల్ని చూసి జనం భయపడుతున్నట్టు ఉంటారా' అన్నది ఒక ప్రశ్న. లిఫ్టులో పక్కవాళ్లు బ్యాగు గట్టిగా పట్టుకోవడం లాంటివి దీని కిందికొస్తాయి, ఇవి మగవాళ్లకే ఎక్కువ. మరి ఆడవాళ్ల జుట్టు సంగతి? అడక్కుండా తాకి చూడటం, సన్న జడలతో ఆఫీసుకొస్తే 'పద్ధతిగా లేదు' అనడం, గొంతు కాస్త పెంచితే 'కోపిష్టి' ముద్ర వేయడం... వీటికి విడిగా ప్రశ్నే లేదు. జుట్టు వివక్ష మీద కాలిఫోర్నియా 2019లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది! పైగా 'ప్రధాన కారణం ఏమిటి' అని అడిగితే, జాతి అనాలా, ఆడదాన్ని కావడం అనాలా? కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి మహిళలు వేసిన కేసులోనూ ఇదే చిక్కు. జాతి, లింగం రెండూ కలిపి ఒకే ఫిర్యాదుగా కుదరదని 1976లో కోర్టు తేల్చేసింది.