లెక్కలో లేని సాఫ్ట్‌వేర్‌కీ హక్కులుంటాయి

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టి, తీసి, లెక్క చూసుకునే ప్యాకేజీ మేనేజర్ అంటే నాకు మొదట్నుంచీ పడదు. ఏ ఫైల్ ఏ ప్యాకేజీది, ఏది దేనిమీద ఆధారపడింది, అన్నీ రాసిపెట్టుకుంటుంది, డెబియన్ అనే లినక్స్ రకంలో (డిస్ట్రో అంటారు) అయితే ఈ లెక్కలు రాసే డీపీకేజీకి /వార్/లిబ్/డీపీకేజీ అని సొంత ఫోల్డరే ఉంది, అందులో ఏ ప్యాకేజీ ఉంది, అది దేనిమీద ఆధారపడింది అని రాయడానికే స్టేటస్ అని ఒక ఫైల్, మామూలు టెక్స్ట్ ఫైలే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇంత పద్ధతిగా లెక్కలు రాసేవాళ్లని ఎలా నమ్మమంటారు?

అందుకే నేను సోర్స్ టార్‌బాల్ (ప్రోగ్రామ్ మూల కోడ్ మూట) దింపుకుని కాన్ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్ అని కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చి సిస్టమ్‌లో పెట్టే మూడు మంత్రాలు చదివేసి పని కానిచ్చేస్తా. ఫైళ్లన్నీ /యూఎస్ఆర్/లోకల్‌లో సర్దుకుంటాయి, ఆ చోటు సిస్టమ్ అడ్మిన్‌దే, డిస్ట్రో అప్‌డేట్లు దాన్ని చెరపకూడదు అని, ఏ ఫైల్ ఎక్కడుండాలో చెప్పే ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్‌లో రాసుంది కూడా, అంటే నా చెత్తకి రాజ్యాంగ రక్షణ ఉన్నట్టే. అక్కడితో ఆగొచ్చు, కానీ పౌరుషం ఊరుకోదు కదా, ప్రిఫిక్స్ (ఫైళ్లు పెట్టాల్సిన చోటు) నేరుగా డిస్ట్రో సొంత చోటైన /యూఎస్ఆర్ అని ఇచ్చా ఒకసారి. డిస్ట్రో ఫైల్ మీద నా ఫైల్ దర్జాగా కూర్చుంది. తర్వాతి అప్‌గ్రేడ్‌లో డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ వచ్చి నాది తీసి తనది పెట్టుకుని పోయింది, మాట వరసకైనా అడగలేదు. దౌర్జన్యం!

ఇంకో రోజు ఒక లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) కొత్త వెర్షన్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో పెట్టి, లైబ్రరీల జాబితా తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టా. డెబియన్‌లో ప్రోగ్రాములకి లైబ్రరీలు అందించే లోడర్ ముందు అక్కడే వెతుకుతుంది, దాంతో ఏపీటీ పెట్టిన బుద్ధిమంతులైన ప్రోగ్రాములు కూడా నా లైబ్రరీనే పట్టుకుని వరసగా క్రాష్ అయ్యాయి. ఏపీటీని అడిగితే డిపెండెన్సీలన్నీ సక్రమంగా ఉన్నాయంది. దాని రిజిస్టర్‌లో అంతా బాగానే ఉంది మరి, నేను చేసింది అందులో లేదు కాబట్టి!

నేను పెట్టింది ఉన్నట్టు దానికి చెప్పాలంటే ఈక్వివ్స్ అని ఒక టూల్ ఉందట, లోపల ఏమీ లేని ఖాళీ ప్యాకేజీ తయారుచేసి ఇస్తుంది, పేరూ వెర్షనూ నింపాలి. అంటే వీళ్ల దగ్గర అబద్ధం ఆడాలన్నా ఫారం పూర్తి చెయ్యాలన్నమాట.

పైథాన్ వాళ్లు మాత్రం మర్యాదస్తులు. డెబియన్ 12 నుంచి, అంటే 2023 నుంచి, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే టూల్) ఏదైనా పెట్టబోతే ఇది బయటివాళ్లు నడిపే ఎన్విరాన్‌మెంట్, వెన్వ్ (నీ సొంత విడి పైథాన్ గది) చేసుకో బాబూ అని ఆపేస్తుంది, కాదు కూడదంటే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అని ఫ్లాగ్ ఇవ్వమంటుంది. బ్రేక్ చెయ్యమని పేరుపెట్టి మరీ పిలిస్తే వెళ్లకపోవడం బాగోదని వెళ్లా.

ఇక తీసెయ్యడం సంగతి. మేక్ అన్‌ఇన్‌స్టాల్ అన్ని ప్రాజెక్టుల్లోనూ ఉండదు, ఉన్నదానికేమో సోర్స్ ఫోల్డర్ కావాలి, అది నేను డిస్క్ నిండిందని ఎప్పుడో లేపేశా. డీపీకేజీని ఈ ఫైల్ ఎవరిది అని అడిగితే మాకు తెలీదంటుంది, నాక్కూడా తెలీదు, ఈ ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ ఏకాభిప్రాయం. గ్నూ స్టో వాడి ఒక్కో ప్రోగ్రామ్‌ని ఒక్కో డైరెక్టరీలో పెట్టి సిమ్‌లింకులు (అసలు ఫైల్ వైపు చూపే గుర్తులు) ఇచ్చుకుంటే ఒక్క కమాండ్‌తో లింకులన్నీ పోతాయట, అంత ముందుచూపు ఉంటే నేనిలా ఎందుకుంటా.

మొన్న ఒకాయన చెక్‌ఇన్‌స్టాల్ వాడమన్నాడు, మేక్ ఇన్‌స్టాల్ ఏయే ఫైళ్లు పెడుతుందో గమనించి డెబియన్ వాడే డెబ్ ప్యాకేజీగా కట్టిస్తుంది, రేపు వద్దనుకుంటే ఏపీటీనే తీసేస్తుంది. ఐడియా బాగా నచ్చింది. వెంటనే దాని సోర్స్ దింపుకుని సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశా.