రొయ్యల గ్రూపుకు బాట్ అడ్మిన్

నెల్లూరు జిల్లాలో మా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నవాళ్ల ఫోన్లలో పొద్దున్నే మోగేది కౌంట్ రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అన్నది. వంద కౌంట్ ఎంత, యాభై ఎంత. నేనున్న వాట్సాప్ గ్రూపు 1,024 మందితో నిండిపోతే రెండోది పెట్టారు, ఆపైన మూడోది. ప్రశ్న మూడింట్లోనూ వస్తుంది, జవాబు ఏదో ఒకదాంట్లోనే ఉంటుంది. పైగా అడ్మిన్ మేత అమ్మే వ్యాపారి. ఆ మేత బాగాలేదని ఒకాయన రాస్తే పది నిమిషాల్లో మెసేజ్ మాయం, సాయంత్రానికి మనిషీ మాయం.

దీనికి మందు మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఉందంటున్నారు మా కుర్రాళ్లు. సగం నిజమే. 2016లో మొదలైన ఈ నెట్‌వర్క్ ఒక్క కంపెనీ సర్వర్‌లో ఉండదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారు, యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో అవి మాట్లాడుకుంటాయి. అయితే ఏళ్ల తరబడి దీంట్లో గ్రూపు అనే సదుపాయమే లేదు. ఆ లోటు బాట్లు పూడ్చాయి. ఒక ఖాతా తెరిచి చిన్న ప్రోగ్రాం తగిలిస్తారు. పోస్టులో దాని పేరు రాస్తే చాలు, తనను ఫాలో అయ్యేవాళ్లందరికీ ఆ పోస్టును బూస్ట్ చేస్తుంది, అంటే తన ఖాతా నుంచి మళ్లీ పంచుతుంది. గప్పీ అనే సేవలోనైతే లేని పేరు రాసినా కొత్త గ్రూపు పుట్టేది. ఖాతా పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి కాబట్టి అలాంటిది మనకు చిక్కే. ‘రొయ్య’ను ఒకరు ఒక ‘వై’తో, ఇంకొకరు రెండు ‘వై’లతో రాస్తే రెండు గ్రూపులు తయారు!

అంతకన్నా పెద్ద చిక్కు, బాట్‌కు మంచీచెడూ తెలియకపోవడం. ఆమధ్య మా వాట్సాప్ గ్రూపుల్లో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చిందంటూ ఓ ఫొటో తిరిగింది. అది పాతదని తేలేలోపే మా పక్క గుంట ఆయన భయపడి ముందే పట్టుబడి చేసేశాడు, అంటే రొయ్యలు పట్టించేశాడు. పంపినవాడు తీసేసినా ఫార్వర్డులు ఆగలేదు. మాస్టడాన్‌లో అసలు పోస్టు తీసేస్తే దాని బూస్టులూ పోతాయి, అంతవరకు మేలు. కానీ అలాంటి ఫొటోను అందరికీ క్షణంలో చేరవేసేదీ ఆ బాటే. అందుకే నమ్మకమున్న ఓ ఇరవై మంది పోస్టులనే నేరుగా బూస్ట్ చేసేలా రాయించి, మిగతావి ఒక మనిషి చూశాకే వదలాలంటాను.

అంటే మళ్లీ అడ్మిన్ వచ్చినట్టే కదా అంటారు. వచ్చాడు, కానీ పెత్తనం తగ్గింది. మీ పోస్టును బూస్ట్ చేయకుండా ఆపగలడు గానీ మీ ఖాతాలోంచి తీసేయలేడు. నచ్చనివాళ్లు మర్నాడే ఇంకో బాట్ పెట్టుకోవచ్చు. నాకు ఇందులో నచ్చింది ఇదొక్కటే.

సర్వర్ అద్దె ఎవరు కడతారో మాత్రం ముందే తేల్చుకోవాలి. మూసేసే ముందు చెబితే ఫాలోవర్లను ఇంకో సర్వర్‌కు తీసుకుపోవచ్చు, పాత పోస్టులు వెంట రావు. ఇంకో మాట, బాట్ బూస్ట్ చేయాలంటే పోస్టు బహిరంగంగా ఉండాలి. జబ్బు కబుర్లకు, సీడ్ (రొయ్య పిల్లల) గురించి అడగడానికి అది సరిపోతుంది. ఏ గుంటలో ఎన్ని టన్నులున్నాయో, ఎప్పుడు పట్టుబడో అక్కడ రాస్తే మన రైతుల కంటే ముందు కొనేవాళ్లే చదువుతారు. ఆ మాటలు టీకొట్టు దగ్గరే.