తోసే బండికి తొంభై స్పీడు

పాత కార్ల ఫొటోగ్రఫీని హాబీ అంటే ఒప్పుకోను. కదలని బండిని ఫొటోలో పరిగెత్తించే విద్య అది. కనీసం డిప్లొమా అయినా ఇవ్వాలి.

ఈ విద్యలో అన్నిటికన్నా ఉన్నతమైనది రిగ్ షాట్. బాడీకి సక్షన్ కప్పులు అతికించి, పొడవాటి గొట్టం చివర కెమెరా బిగిస్తారు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, షట్టర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచి, నలుగురు వెనక నుంచి మెల్లగా తోస్తారు. కెమెరా బండితో పాటే కదులుతుంది కాబట్టి బండి నిలకడగా, రోడ్డూ చెట్లూ చారలు చారలుగా పడతాయి. తర్వాత కంప్యూటర్‌లో గొట్టాన్ని తుడిచేస్తారు. తోసినవాళ్లు కనిపిస్తే వాళ్లనీ తుడిచేస్తారు. ఇంజన్ ఆన్‌లో ఉంటే ఆ వణుకుకి ఫొటో పాడవుతుందట. అంబాసిడర్ ఓనర్లకు ఇంతకన్నా గౌరవమైన సాకు దొరకదు.

ప్రభుత్వమూ ఈ కళకు అండగా నిలిచింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారుకి 20,000 కట్టి 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు తెచ్చుకోవచ్చు. రోజువారీ పనులకు మాత్రం నడపకూడదు. ఇక దానితో ఫొటో దిగడం తప్ప చేసేదేముంది? కస్టమ్ కార్ల వాళ్లది మరో బాధ. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ బండి రోడ్డెక్కితే చలాన్లు, ఫొటో ఎక్కితే లైకులు.

కదలకపోవడం చిన్నతనమేమీ కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్ 1912 నాటిది. ఆరో నిజాం కోసం తయారైంది, ఆయనేమో 1911లోనే పోయారు. ఆ తర్వాత పెద్ద పెద్ద వేడుకలకే బయటికొచ్చేది. ఫొటోలకి మాత్రం ఈనాటికీ డ్యూటీలోనే ఉంది.

సరే, మెళకువలు. ముందు చక్రాన్ని కాస్త తిప్పి, టైరు అరుగుదల కాకుండా రిమ్ కెమెరా వైపు కనిపించేలా పెట్టాలి. అరిగిన టైరు ఎవడు చూస్తాడు? వైడ్ లెన్స్‌తో దగ్గరికి వెళ్లారో, ముక్కు ఉబ్బి కనిపిస్తుంది. అంబాసిడర్‌కి అసలే బుగ్గలెక్కువ. 85 ఎంఎం లెన్స్ పెట్టుకుని వెనక్కి జరగండి, మురిక్కాలవ ఎక్కడుందో చూసుకుని జరగండి.

అసలు శత్రువు క్రోమ్ బంపరు. పోలరైజర్ ఫిల్టర్ అద్దం మీద, పెయింటు మీద మెరుపుని అణుస్తుంది గానీ క్రోమ్ దగ్గర దాని పప్పులుడకవు. ఆ వంపులో ఫొటోగ్రాఫర్ పొట్ట, ట్రైపాడ్ మూడు కాళ్లు, వెనక చేతులు కట్టుకుని సలహాలిచ్చే బాబాయి, ఆయన చేతిలో టీ గ్లాసు, అన్నీ స్పష్టంగా పడతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నల్లచొక్కా వేసుకొస్తారు. బాబాయికి నల్లచొక్కా వేయించిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇంత తపస్సూ చివరికి అమ్మకం ప్రకటనలోకే చేరుతుంది: 'సింగిల్ ఓనర్, సూపర్ రన్నింగ్ కండిషన్'. చారల రోడ్డు మీద బండి దూసుకుపోతుంటుంది. కొనేవాడు ఫోన్ చేసి, "ఒక్కసారి స్టార్ట్ చేసి వీడియో పంపండన్నా" అంటాడు.

వీడియోకి రేటు వేరు. తోసేవాళ్లకి కూడా.