ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశారా?

హైదరాబాదులో ఇద్దరు నడివయసు మనుషులు పెళ్ళిపందిట్లో ఎదురుపడితే మొదట అడిగేది ఆరోగ్యం సంగతి కాదు. "మీ ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశారా?" అని. ఇచ్చేశామంటే కూలగొట్టారని అర్థం. మామిడిచెట్టు, చేదబావి, వసారా, మేడమెట్ల కింద తాతగారి సైకిలు ఉన్నచోట జేసీబీ దిగుతుంది. ఆనక స్టిల్టు మీద ఐదంతస్తులు లేస్తాయి. అందులో సగం మనకు, సగం బిల్డరుకు. దీన్ని డెవలప్‌మెంటు అంటాం. ఇవ్వనివాళ్ళ గురించి జనం గొంతు తగ్గించి మాట్లాడతారు, ఆ ఇంట్లో నలభై దాటిన పెళ్ళికాని కొడుకు ఉన్నట్టు.

మా మేనత్త ఇవ్వలేదు. ఆ అప్రతిష్ఠ మా వంశానికి అంటింది కాబట్టే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

ఆవిడ ఇల్లు సుల్తాన్‌బజార్ పక్కన బడీచౌడీ సందులో. వయసు ఎనభై రెండు. ఇవ్వకపోవడంతో ఊరుకుంటే వృద్ధాప్యం అని సర్దుకుపోయేవాణ్ణి. ఆ సందులో ఉన్న నాలుగు పాత ఇళ్ళవాళ్ళనూ, రెండు చీరల దుకాణాల వాళ్ళనూ పోగేసి, "మా బస్తీని ఉన్నట్టు ఉండనియ్యండి" అని కాగితాల మీద సంతకాలు పెట్టించి కనిపించిన ఆఫీసులన్నిటికీ పంపుతోంది. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు, మెట్రో రోజుల నుంచీ ఉంది. రైలు మా బజారు మీదినుంచి వద్దని అక్కడి వ్యాపారులు షట్టర్లు దించి బందులు చేసిన కాలంలో, మా అత్త అందరికీ మజ్జిగ చేసి పోసింది. 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక దారి మారుస్తామన్న మాట వినబడింది. మజ్జిగ మరో విడత పోశారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండుకు మెట్రో రైలు మొదలైంది. సుల్తాన్‌బజార్ మీదినుంచే.

అభివృద్ధిని ఆపడానికి ఈ బస్తీవాళ్ళు చెప్పే కారణాలు వింటే జాలేస్తుంది. ఇది రెండు వందల ఏళ్ళ బజారట. బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్ 1800ల మొదట్లో ఆ స్తంభాల భవనం (మనం కోఠి ఉమెన్స్ కాలేజీ అనుకునేది) కట్టించుకుంటే, దాని చుట్టూ రెసిడెన్సీ బజారు పుట్టిందట. 1933లో మళ్ళీ నిజాం చేతికొచ్చి సుల్తాన్‌బజార్ అయిందట. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని రెసిడెన్సీ మీదికి పోయింది ఇక్కడికేనట. ఆ ముట్టడిలో వాళ్ళు చేరి కాల్పులు జరిపింది రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న ఇళ్ళలోంచే అని చరిత్ర చెబుతుంది. నేననేదీ అదే. అప్పుడే రోడ్డు వెడల్పు చేసి, సెట్‌బ్యాక్ అని ఇంటి చుట్టూ ఖాళీ జాగా వదిలి, ముందు పార్కింగు ఇచ్చి ఉంటే ఆ ఇళ్ళు అంత దగ్గరగా ఉండేవా? టౌన్‌ప్లానింగ్ లోపించిన చోటే తిరుగుబాట్లు పుడతాయి.

ఇంకొకటి చెబుతారు, ఇది తెలుగువాళ్ళ దగ్గర పనిచేస్తుందని వాళ్ళ ఆశ. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది ఇక్కడే. దర్బారు భాష ఉర్దూ అయిన ఊళ్ళో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి తెలుగు పుస్తకాలకు ఒక గూడు కట్టారు. గొప్ప సంగతే, కాదనను. కానీ ఇంత ఖరీదైన స్థలంలో పుస్తకాలు పెట్టడం ఏమి వ్యవహారజ్ఞానం? చీరలు పెట్టొచ్చు. పుస్తకాలన్నీ ఇప్పుడు ఫోన్లో ఉన్నాయి. చీరలు కూడా ఫోన్లోనే ఉన్నాయిగా అని మా అత్త అంటుంది. వయసు పైబడినవాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

ఇక ఆవిడ ఇంటి పరిస్థితి. డంగుసున్నం గోడలు రెండడుగుల మందం. ఏప్రిల్లో కూడా ఫ్యాను అక్కర్లేదు. నేనది శిథిలావస్థలో ఉందంటాను, ఆవిడ ఒప్పుకోదు. శిథిలావస్థ అన్నది గోడకు వచ్చే జబ్బనుకుంటుంది పాపం. అది స్థలానికి వచ్చే ధర. గజం పది వేలున్నప్పుడు నిక్షేపంగా నిలబడ్డ గోడే గజం లక్ష దాటిన మర్నాడు బీటలు వారుతుంది.

నమ్మకపోతే ఎర్రమంజిల్ చూడండి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో గుట్ట మీద కట్టించుకున్న మహలు. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవారు, నవాబుగారి వైపు పండితులు దాన్ని పారశీకంలో స్వర్గవనమయ్యే 'ఇరమ్'తో కలిపారని కథ. ఎరుపు మనది, స్వర్గం వాళ్ళది, మధ్యలో ఒకే పేరు. తర్వాత అందులో ప్రభుత్వ ఆఫీసులు చేరాయి. ఏ ఆఫీసులు? రోడ్లు, భవనాల శాఖ. భవనాల్ని చూసుకోవడమే కొలువుగా ఉన్న ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని సంతకాలు పెట్టిన భవనం, చివరికి పనికిరానిదని తేలింది. వంటవాడు తన ఇంట్లో పస్తుంటాడని సామెత ఉందో లేదో గాని, ఉండాల్సింది. 2019 జూన్ 18న మంత్రివర్గం అక్కడ కొత్త శాసనసభ కడదామని నిర్ణయించింది, అదే నెల 27న శంకుస్థాపన కూడా అయిపోయింది. ఈలోగా పనిలేని పౌరులూ, నవాబు వారసులూ కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు ఇంకా అక్కడే ఉంది, మెట్రో స్టేషనుకు తన పేరు ఇచ్చి. అభివృద్ధి చరిత్రలో అదొక చీకటి రోజు.

అయితే మన పెద్దలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. అందరికీ తెలియని సంగతి ఒకటుంది, నిజమైన కూల్చివేతకు జేసీబీ అక్కర్లేదు. రబ్బరు చాలు, పెన్సిలు గీతలు చెరిపేది. 1981 నాటి హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన అని ఒకటి ఉండేది. దాని కింద నగరంలో నూటముప్ఫైకి పైగా కట్టడాలకు, కొన్ని రాళ్ళగుట్టలకు కూడా, రక్షణ ఇచ్చి జాబితా రాశారు. రాళ్ళకు కూడా! రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ కింద పుట్టిన రాయి మన పర్మిషన్ లేకుండా నిలబడింది చాలక దానికి జీవో ఒకటి. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధనను ఎత్తేశారు. ఒక్క ఇటుక కదల్లేదు, ఒక్కడి కంట్లో దుమ్ము పడలేదు. ఆ తర్వాత 2017లో హెరిటేజ్ చట్టం వచ్చింది, కొత్త జాబితా వేరే. పాత జాబితాలో ఉండి కొత్తదాంట్లో లేని భవనాల పరిస్థితి, రేషన్ కార్డులో పేరు ఎగిరిపోయిన ముసలమ్మ పరిస్థితే. మనిషి ఎదురుగా నిలబడి "నేనున్నాను నాయనా" అంటున్నా, కంప్యూటరులో లేదంటారు.

సైఫాబాద్ ప్యాలెస్ సంగతి మరీ ముచ్చటైనది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888లో కట్టారు. దాన్ని చూడబోతుంటే దారిలో ఉడుము అడ్డొచ్చిందని, అపశకునమని ఆయన తాళం వేయించేశాడని చెబుతారు. తాళం వేశాడు, గమనించండి, కూల్చలేదు. రాజులకు శకునాలు తెలుసుగాని రియల్ ఎస్టేటు తెలియదు. ఆ మహలే తర్వాత సచివాలయం జీ బ్లాకు అయింది. నూటముప్ఫై రెండేళ్ళకు, 2020 జులైలో, మిగతా బ్లాకులతోపాటు నేలమట్టం చేశారు. ఆ స్థలంలోనే గుమ్మటాలతో కొత్త సచివాలయం కట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. పాత సొగసు ఉట్టిపడుతోందని వచ్చినవాళ్ళంతా ఫొటోలు దిగారు. పాతది ఉంచి పాత సొగసు చూపించడం ఎవడైనా చేస్తాడు. ఉడుము మాత్రం ఏమైందో ఎక్కడా రాయలేదు.

మళ్ళీ మా అత్త దగ్గరికి వస్తాను. ఆవిడకు అర్థం కానిది నిబంధనల సూక్ష్మం. ఎంత స్థలంలో ఎంత కట్టాలన్న లెక్కకు ముంబయి, బెంగళూరు ఇంకా పరిమితి పెట్టుకుని మూలుగుతున్నాయి. మనం 2006లోనే 86వ నంబరు జీవోతో ఆ పీడ వదిలించుకున్నాం. ఇప్పుడు భవనం ఎత్తు తేల్చేది ముఖ్యంగా దాని ముందున్న రోడ్డు. రోడ్డు ఎంత వెడల్పయితే అంత ఎత్తు. ఇరవై అడుగుల సందులో ఆకాశం ఎంతున్నా దండగే. అందుకని ముందు సందును వెడల్పు చెయ్యాలి, దానికోసం ఇళ్ళ ముందుభాగం పోవాలి, పోయినదానికి టీడీఆర్ అని ఒక కాగితం ఇస్తారు, ఆ కాగితంతో ఇంకోచోట ఇంకో అంతస్తు లేపుకోవచ్చు. అంటే మా అత్త అరుగు ఎక్కడికీ పోదు. కూకట్‌పల్లిలోనో, కొండాపూర్‌లోనో ఏదో టవరు నెత్తిన పద్దెనిమిదో అంతస్తుగా పునర్జన్మ ఎత్తుతుంది. గీత చదివేవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవ్వాలి.

ఎవరో వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన అంకె వేసి పోయిన రోజున నేను వెళ్ళాను. అత్త ఆ గీత దగ్గర నిలబడి ఉంది.

"ఏందిరా, గీడిదాంక పోతదట. తులసిగద్దె అవుతల, నేను ఇవుతల. నీళ్ళు పొయ్యాలంటే రోడ్డు దాటాల్నా?"

"జీబ్రా క్రాసింగ్ వేస్తారత్తా."

"నీ ఇంట్ల తులసి ఏడున్నది?"

"బాల్కనీలో. కుండీలో."

"ఎన్నో అంతస్తు?"

"ఇరవై ఏడు."

ఆవిడ ఏమీ అనలేదు. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పైన మెట్రో పోయింది, పెరట్లో ఎండబెట్టిన వడియాల మీద నీడ పడి తొలిగింది. ఆవిడకిప్పుడు గడియారం అక్కర్లేదు, రెండు నీడలు పోతే చాయ్ మరిగినట్టు.

నా నివాసం కోకాపేట అని మనవి చేసుకోవాలి. 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిన నేల. మాకు అరుగులు, సందులు, శకునాలు లేవు. పేరు ఇంగ్లీషులో ఉంటుంది, గేటు దగ్గర ఫౌంటెను ఉంటుంది, ఎదుటి ఫ్లాటులో ఎవరుంటారో దేవుడికి తెలుస్తుంది. అన్నిటికన్నా మిన్న, మా బాల్కనీలోంచి గండిపేట చెరువు కనబడుతుంది. ఆ ఉస్మాన్‌సాగర్ 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టించినదే, 1920లో పూర్తయింది. చెరువుకు పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. 2022 ఏప్రిల్లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో లడ్డూల బొమ్మలు పెట్టుకున్నాం, నేనయితే మూడు పెట్టాను.

మొన్న సంక్రాంతికి మా టవరు ముందున్న ఖాళీ స్థలంలో నీలం రేకులు పాతారు. రేకుల మీద బొమ్మ. నలభై ఎనిమిది అంతస్తులు. అది లేస్తే నా చెరువు పోతుంది. చెరువు పోతే చదరపు అడుగుకు ఎంత పోతుందో మా బ్రోకరు మెల్లగా, చావు కబురులా చెప్పాడు. ఆ రాత్రి క్లబ్‌హౌసులో అత్యవసర సమావేశం. ఎవరో లేచి "మన ఏరియా క్యారెక్టర్ ఏమైపోవాలి?" అన్నారు. గాలి, వెలుతురు, ట్రాఫిక్, పిల్లల భవిష్యత్తు, పక్షులు, అన్నీ వచ్చాయి. పక్షులని అన్నది నేనే. మహజరు రాసే పని కూడా నా మీదే పడింది, పత్రికల్లో రాస్తానుగదా అని.

రాయడం కుదర్లేదు. రెండు రోజులు కూర్చున్నా అది కరపత్రంలాగో, ఈఎంఐ తగ్గించమని బ్యాంకుకు పెట్టుకున్న అర్జీలాగో వస్తోంది తప్ప బాధ రావట్లేదు. ఆదివారం పొద్దున్నే బడీచౌడీ పోయాను.

అత్త ఏమీ అడగకుండా ఇనప్పెట్టె తెరిచింది. పసుపు తాడు కట్టిన ఫైలు. 2011 నుంచీ పంపిన అర్జీల నకళ్ళన్నీ వరసగా, రిజిస్టర్డ్ పోస్టు రసీదులతో సహా. ఒకటి తీసి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి నా చేతికిచ్చింది.

"గిది మంచిగుంటది. పేరు మార్చుకో, తారీఖు మార్చుకో. మిగిలిందంత గదే."

చదివాను. నిజంగానే మార్చాల్సింది పెద్దగా లేదు. రెండో పేరాలో 'తరతరాలుగా ఇక్కడే బతుకుతున్నాం' అన్నచోట మాత్రం ఆగాను. మేం గృహప్రవేశం చేసి ఈ ఉగాదికి నాలుగేళ్ళు.

"ఇది ఏం రాయాలత్తా?"

"నాలుగేండ్లనే రాయి," అంది, రసీదులు మళ్ళీ వరసలో పెడుతూ. "మేం తరతరాలని రాస్తెనే ఇనలే."