మనుషులను కూడా ఫోస్టర్‌కి పంపండి

ఆరు వారాల కిందట మా ఇంటికొక అతిథి వచ్చింది. వెంట తెచ్చుకున్న ఆస్తి: మాసిన బెల్టు, వ్యాక్సిన్ కార్డు, పొట్ట మీద ఆపరేషన్ కుట్లు, చిరిగిన ఎడమ చెవి. కుక్కల షెల్టర్ వాళ్లిచ్చిన కాగితంలో "ఆడ, సుమారు 2 ఏళ్లు, భయస్తురాలు" అని ఉంది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి చుక్క అని పిలిచాం. పిలిచాం అనడమే గానీ అది పలకలేదు. వచ్చీ రాగానే భోజనాల బల్ల కింద దూరి, మూడు రోజులు అక్కడే కాపురం పెట్టింది. కుట్లు మానేదాకా 10 నుంచి 14 రోజులు పరుగులూ గెంతులూ వద్దని డాక్టర్ చెప్పారు. ఆ మాటను ఇంత అక్షరాలా పాటించిన పేషెంటును నేను చూడలేదు.

నేను దానికి ఫోస్టర్‌ని. అంటే ఎవరైనా దత్తత తీసుకునేదాకా ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, మందులు వేసి, మర్యాద నేర్పి, ఆఖర్న కళ్లు తుడుచుకుంటూ సాగనంపే ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. పని బాగా చేస్తే కుక్క వెళ్లిపోతుంది, చెడగొడితే ఉండిపోతుంది. ఈ లెక్కన నాకు పనిలో నిర్లక్ష్యం ఎందుకు రావడం లేదో నాకే అర్థం కాదు.

ఇన్ని కుక్కలను సాగనంపాక నాకొక సంగతి తేలింది. దాన్ని లోకం ముందు పెట్టడానికే ఈ వ్యాసం. దత్తతకు సిద్ధం చేయడం అనే కార్యక్రమం మొత్తం తప్పు జీవి మీద జరుగుతోంది.

చూడండి. షెల్టర్ల వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది, 3-3-3 అని. కొత్త ఇంట్లో బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతులు వంటబట్టడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మకం కుదరడానికి 3 నెలలు. శాసనమేమీ కాదు, ఉజ్జాయింపు. కొన్నిటికి ఇంతకు మూడింతలు పడుతుంది. దత్తత కోసం ఫోన్ చేసేవాళ్ల లెక్క వేరు. అది 0-0-0.

"ఫ్రెండ్లీయేనా అండీ?"

"ఇవాళ రెండో రోజండీ. ఇంకా బల్ల కిందే ఉంది."

"మా బాబు పుట్టినరోజు ఆదివారం. అప్పటికి ఫ్రెండ్లీ అయిపోతుందా?"

కుక్క అంటే విశ్వాసం అని మనందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ విశ్వాసం ఆర్డర్ పెట్టిన మర్నాడు ఇంటికి డెలివరీ కాదన్న సంగతే.

ఆ తర్వాత చుక్కను చూడటానికి ఒకాయన వచ్చారు. మంచి మనిషే. కుక్కలంటే ప్రాణం అన్నారు. అంటూనే సరాసరి చుక్క దగ్గరికి వెళ్లి, దాని మీదకు వంగి, కళ్లలోకి కళ్లు పెట్టి, నెత్తి మీద తపతపా తట్టారు. చుక్క ముఖం పక్కకు తిప్పుకుంది. పెదాలు నాక్కుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసింది. ఆఖరికి పెద్దగా ఆవలించింది. కుక్కల భాషలో ఇంతకంటే మర్యాదగా "దయచేసి వెళ్లండి" అని చెప్పడం కుదరదు. ఆయన నా వైపు తిరిగి, "పాపం, నిద్రొస్తున్నట్టుంది" అన్నారు.

ఆయన ఇంకాస్త వంగి ఉంటే చుక్క గుర్రుమనేది. గుర్రుమంటే ఆయన కాగితం మీద "కోపిష్టి" అని రాసేవారు. మొరిగే కుక్క కరవదని సామెత. ఆ సామెత కట్టినవాడి ఒంటి మీద ఎన్ని పళ్ల గాట్లు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. గుర్రుమనడం అంటే ముందస్తు నోటీసు. నోటీసు ఇచ్చినందుకు కొడితే ఆ కుక్క మంచిదైపోదు, నోటీసు ఇవ్వడం మానేస్తుంది. ఆ తర్వాత నేరుగా చర్యే. అప్పుడు "ఏమీ లేకుండా ఉన్నట్టుండి కరిచిందండీ" అంటారు.

ఈలోగా నేను చేస్తున్న పని చెబుతాను. చుక్కకు ఒంటరిగా ఉండటం నేర్పాలి. తాళాల చప్పుడు వినగానే అది వణికేది. కాబట్టి ముందు తాళాలు తీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా సోఫాలో కూర్చోవాలి. ఆ చప్పుడు పాతబడ్డాక తలుపు తీసి బయటికి వెళ్లి, 5 సెకన్లు లెక్కపెట్టి లోపలికి రావాలి. తర్వాత 10, తర్వాత అర నిమిషం, మధ్యలో మళ్లీ 5. ఒక సాయంత్రం ఇలా నేను 22 సార్లు ఇల్లు విడిచి వెళ్లాను. ఎదురింటి పెద్దావిడ తలుపు వారగా నిలబడి అంతా చూశారు. పదో సారికి "ఏం మర్చిపోయావు?" అని అడిగారు. పదిహేనో సారికి "ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నారు. 22వ సారికి ఏమీ అనలేదు, తలుపేసుకున్నారు.

ఇది కాక అన్నం గిన్నె దగ్గర కాపలా మాన్పించడం ఉంది. అంటే గిన్నె లాక్కోవడం కాదు, మనిషి దగ్గరికి వస్తే గిన్నెలో ఇంకాస్త మంచిది పడుతుందని నేర్పడం. మైక్రోచిప్ పేరుతో మెడ వెనక చర్మం కింద బియ్యపు గింజంత వస్తువు, అందులో 15 అంకెల నంబరు వేయించడం ఉంది. అది తప్పిపోయిన కుక్క ఎక్కడుందో చెప్పదు, దొరికిన కుక్క ఎవరిదో చెబుతుంది. స్కానర్ పెడితేనే. అది కూడా మన ఫోన్ నంబరు ఆ చిప్ నంబరు మీద నమోదు చేయించి ఉంటేనే. ఈ చివరి మాట వినేలోపు చాలామంది ఫోన్ పెట్టేస్తారు.

ఇన్ని నేర్చుకున్నా చుక్కలాంటివాటికి గిరాకీ తక్కువ. వీధి కుక్కకు గిరాకీ రావాలంటే ఏం చేయాలో చరిత్రలో ఉంది. మాస్కో వీధుల్లో దొరికిన స్ట్రెల్కా 1960 ఆగస్టులో అంతరిక్షం చుట్టి ప్రాణాలతో తిరిగొచ్చింది. దాని కూతురు పుషింకాను 1961లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంటికి కానుకగా పంపాడు. వైట్‌హౌస్ వాళ్లు దాన్ని ముద్దు చేసే ముందు ఒంట్లో మైకులేమైనా దాచారేమోనని పరీక్ష చేయించారట. దత్తతకు ముందు ఇల్లు చూసొచ్చే తనిఖీని హోమ్ చెక్ అంటారు. ఇంతవరకు చరిత్రలో ఇంతకు మించిన హోమ్ చెక్ జరగలేదు. 1963లో పుషింకా పిల్లల్ని పెడితే మాకివ్వండంటూ సుమారు 5,000 ఉత్తరాలు వచ్చాయి. కాబట్టి పద్ధతి తెలిసిపోయింది. అమ్మమ్మ కక్ష్యలోకి వెళ్లొస్తే చాలు, మనవళ్లకు ఇల్లు దొరుకుతుంది.

రాకెట్ దొరకనివాళ్ల కోసం నా ప్రతిపాదన ఇది. దత్తతకు దరఖాస్తు పెట్టిన ప్రతి మనిషినీ రెండు వారాలు ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఫోస్టర్‌కి పెట్టాలి. వెళ్లగానే పేరు మార్చాలి. మొదటి సాయంత్రమే చుట్టాలందరినీ పిలిచి తల నిమిరించాలి. భోంచేస్తుండగా కంచం లాగి ముఖకవళికలు నమోదు చేయాలి. చిరాకు పడితే "తిండి దగ్గర కాపలా, నిపుణుల పర్యవేక్షణ అవసరం". ఆపైన నవ్వుతున్న ఫొటో ఒకటి తీసి ప్రకటన వేయాలి: "మగ, 38 ఏళ్లు. వ్యాక్సిన్లన్నీ అయ్యాయి. బయటివాళ్లతో కలుపుగోలు, ఇంట్లోవాళ్లతో పరిచయం నెమ్మదిగా చేయాలి. ఫోన్ చేతిలో ఉండగా కదిలించకూడదు. పిల్లలు లేని ఇల్లయితే మేలు." రెండు వారాల్లో ఎవరూ తీసుకోకపోతే ఉచితంగా బెల్టు కూడా ఇస్తామనాలి.

నా ప్రతిపాదనకు ఇంతవరకు ఒక్క చిక్కే వచ్చింది. కిందటి వారం ఒకావిడ వచ్చారు. చుక్కను పిలవలేదు. చేయి చాపలేదు. నేల మీద దానికి వీపు పెట్టి కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి చదువుకున్నారు. నలభై నిమిషాలు. మధ్యలో చుక్క లేచి వచ్చి, ఆవిడ చెప్పులు వాసన చూసి, మళ్లీ బల్ల దగ్గరికి పోయింది. ఆవిడ పేజీ తిప్పారు. వెళ్లేటప్పుడు "మళ్లీ ఆదివారం రావచ్చా అండీ?" అని మాత్రం అడిగారు. వచ్చారు కూడా. ఈసారి చుక్క ఆవిడ పక్కనే, బెత్తెడు దూరంలో పడుకుంది, కుక్క నిద్ర కాదు, గురక పెట్టి.

ఆవిడ దరఖాస్తు నా దగ్గరే ఉంది. షెల్టర్ వాళ్లు రెండుసార్లు గుర్తు చేశారు. తొందరపడి సంతకం పెట్టే పని కాదు కదా అని నాలుగు రోజులుగా అందులో లోపాలు వెతుకుతున్నాను. ఇంతవరకు ఒకటి దొరికింది. చేతిరాత బాగాలేదు.