ఫైర్ స్టేషన్‌లో ఫైర్‌మన్‌కేం పని?

మంటలార్పే వాళ్లకి బురుజులూ, రాతి తోరణాలూ ఎందుకని అడిగే తెలివి విక్టోరియా రాణి కాలంలో ఎవరికీ లేకపోయింది. లండన్‌లోని మారిల్‌బోన్‌లో, చిల్టర్న్ స్ట్రీట్ మీద 1889లో మాంచెస్టర్ స్క్వేర్ ఫైర్ స్టేషన్ తెరిచారు. నమూనా గీసింది రాబర్ట్ పియర్సాల్. ఎర్ర ఇటుక గోడలు, వాటికి రాతి అంచులు, గాథిక్ పద్ధతిలో మొనదేలిన తోరణాలు, పొగ ఎక్కడ లేస్తోందో కనిపెట్టడానికి పైన ఒక బురుజు. కొత్తవాళ్లు చర్చి అనుకుని టోపీ తీసినా తప్పుపట్టలేం. ఇంతా చేసి లోపల ఉండేది గుర్రపు ఫైరింజన్లు!

ఈ దుబారాకి కారణం 1861లో టూలీ స్ట్రీట్ గోదాముల్ని కాల్చేసిన అగ్నిప్రమాదం. ఆర్పడానికి వెళ్లిన దళపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గోడ కూలి చనిపోయాడు. అప్పటిదాకా లండన్ మంటలార్పే భారం ఇన్సూరెన్స్ కంపెనీలదే. లెక్కలు చూసుకుని అవి చేతులెత్తేశాయి. దాంతో 1866లో మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ వచ్చింది. దాని అధిపతి మాసీ షా ఏరికోరి ఓడల్లో పనిచేసిన వాళ్లని చేర్చుకున్నాడు. రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలని కాపురాలు కూడా స్టేషన్ల పై అంతస్తుల్లోనే పెట్టించారు. సెంట్రల్ లండన్‌లో, అద్దె లెక్కేయకుండా! తలచుకుంటేనే రియల్ ఎస్టేట్ వాళ్లకి కళ్లు చెమరుస్తాయి.

ఎట్టకేలకు 2005లో ఆ స్టేషన్‌ని మూసేశారు. హోటళ్ల వ్యాపారి ఆంద్రే బలాజ్ దాన్ని 26 సూట్ల హోటల్‌గా మార్చి 2014లో చిల్టర్న్ ఫైర్‌హౌస్ పేరుతో తెరిచాడు. భవనం గ్రేడ్ 2 వారసత్వ జాబితాలో ఉంది కాబట్టి ఇటుకలకి చట్టం అండ ఉంది. ఫైర్‌మన్‌ని ఏ జాబితాలోనూ చేర్చలేదు. అదే ఏడాది జనవరి 9న, బోరిస్ జాన్సన్ మేయర్‌గా ఉండగా, పొదుపు పేరుతో లండన్‌లో ఒకేరోజు 10 ఫైర్ స్టేషన్లు మూతపడ్డాయి. 1872 నుంచీ నడుస్తున్న క్లర్కెన్‌వెల్ స్టేషన్ కూడా అందులో ఉంది. గిట్టనివాళ్లు గోల చేశారు. స్టేషన్లు మూసేస్తే మంటలు కూడా సిగ్గుపడి తగ్గుతాయన్న దూరదృష్టి వాళ్లకేం తెలుసు?

2025 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజు మధ్యాహ్నం, హోటల్‌గా మారిన ఆ చిల్టర్న్ స్ట్రీట్ ఫైర్ స్టేషన్‌కే నిప్పంటుకుంది. పిజ్జా పొయ్యిలోంచి మండుతున్న కట్టె జారిపడటం వల్లేనని ప్రాథమిక విచారణలో అన్నారు. సినిమా తారలు ఎగబడి వెళ్లే చోటు కదా, ఆర్పడానికీ ఘనంగానే వచ్చారు: 20 ఫైరింజన్లు, 125 మంది సిబ్బంది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. కాకపోతే అందరూ వేరే స్టేషన్ల నుంచే రావాల్సి వచ్చింది.

కాబట్టి మిగతా స్టేషన్లని హోటళ్లుగా మార్చేముందు ప్రభుత్వం వారికి నాదొక చిన్న సవరణ. పిజ్జా పొయ్యి పక్కన ఒక్క ఫైర్‌మన్‌ని ఉంచండి. హెల్మెట్ చూస్తే అతిథులకి టెన్షన్, వెయిటర్ బట్టలు వేయించండి.