మహారాజశ్రీ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ గారికి

తిరుపతి నివాసి అయిన ఒక రోగార్థి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

లీలామహల్ సర్కిల్ నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా ఏ గోడ చూసినా, ఏ ఆటో వెనక చూసినా, కొట్టేసిన పెద్ద ధర పక్కన ఎర్రంకెల చిన్న ధరతో తామే దర్శనమిస్తున్నారు గనుక, తమ క్షేమానికి లోటు లేదని ఊరంతటికీ తెలుసు. సందేహమంతా మా క్షేమం గురించే.

ఒకే ప్యాకేజీలో 72 పరీక్షలన్న తమ ప్రకటన చదివి, అవేమిటో తెలుసుకుందామని మా ఇంటికి వచ్చిన రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. లిపిడ్ ప్రొఫైల్, అనగా రక్తంలోని కొవ్వుల పట్టిక కింద ఎనిమిది వరుసలున్నాయి. అందులో యంత్రం కొలిచినవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ వచ్చింది. దాన్నీ హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసేస్తే ఎల్‌డీఎల్ వచ్చింది. మిగిలినవి వీటి నిష్పత్తులు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం ప్రకటించిన ఆ సూత్రాన్ని నేను తప్పుపట్టను, ట్రైగ్లిజరైడ్లు 400 దాటనంతవరకు అది పనికొచ్చేదే. అయితే తీసివేతను కూడా రక్తపరీక్షగా లెక్కగట్టిన ఘనత మాత్రం తమదే. లివర్ పేజీలో ఇండైరెక్ట్ బిలిరుబిన్, గ్లోబ్యులిన్ కూడా ఇలా తీసివేతలో పుట్టినవే. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీలో తెల్లకణాల రకాలు శాతంగా ఒకసారి, సంఖ్యగా మరోసారి హాజరు వేయించుకున్నాయి.

ఇక నార్మల్ రేంజి సంగతి. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఫలితాలు ఏ హద్దుల మధ్య పడతాయో సాధారణంగా వాటినే నార్మల్‌గా అచ్చువేస్తారు కాబట్టి, ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి ఐదుగురు గీత దాటక తప్పదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయిస్తే, నిక్షేపంలాంటి మనిషికైనా ఒక్కటన్నా గీత దాటే అవకాశం 64 శాతం. తమరు 72 దగ్గర ఆగినందుకు కృతజ్ఞులం.

మా పక్కింటి పెద్దాయన శనివారం నాడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే పరగడుపున తమ కుర్రవాడికి చెయ్యి చాచారు. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు దిగింది. లివర్ పేజీలో ఎస్‌జీఓటీ అనే ఎంజైము ముద్దక్షరాల్లో, పక్కన పైకి చూసే బాణంతో ఉంది. ఆ ఎంజైము కండరాల్లోనూ ఉంటుందని, ఒళ్ళు హూనమయ్యేలా శ్రమిస్తే పెరగవచ్చని ఆ పేజీలో ఎక్కడా లేదు. జీవితంలో చుక్క ముట్టని ఆ మనిషిని పట్టుకుని, "నిజం చెప్పండి మామా, ఎప్పటినుంచి?" అని అల్లుడు నిలదీశాడు.

అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ' అని మాత్రం ఉంది. లక్షణాలతో సరిపోల్చుకోమన్నారు బాగానే ఉంది, ఆయనకు లక్షణాలేవి? సరిపోల్చే డాక్టరేడి? ఆ పరీక్ష రాసిచ్చినవారే లేరు కదా!

తమలో మంచి లేదని నేననను. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు గనుక హెచ్‌బీఏ1సీ మూడు నెలల చక్కెర చరిత్రను బయటపెడుతుంది. మా వయసువాళ్ళకు అదీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూసుకోవలసినవే. విచిత్రమేమిటంటే, మా వయసులో అన్నిటికన్నా ముందు చూడవలసిన బీపీ మాత్రం ఆ 72లో లేదు, బహుశా దానికి సూది అక్కర్లేదు గనుక.

కావున కొలిచినవాటికి మాత్రమే బిల్లు వేయవలసిందిగా ప్రార్థన. తీసివేతలు, భాగహారాలు మా ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్ల ఉచితంగా చేసిపెడుతుంది. అలాగే నమూనా తీసుకునే ఫారంలో, నిన్న కొండెక్కారా అని ఒక గడి చేర్చగలరు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: కొన్నాళ్ళ తర్వాత, కొండెక్కకుండా ఇచ్చిన రక్తంలో పెద్దాయన ఎస్‌జీఓటీ మామూలుగానే వచ్చింది. మామ చేత తాగుడు మాన్పించింది తానేనని అల్లుడు ఊరంతా చెప్పుకుంటున్నాడు.